నిప్పు కాపరి గడ్డం

"ఇంకాస్త వెనక్కి జరుగు అల్లుడా, నీ నీడ గుమ్మంలో పడుతోంది. ఆఁ, అక్కడే. ఇప్పుడు చెప్పు. నీ మంచితనం కొద్దీ మెత్తబరచకుండా, వాళ్ళు ఎట్లా అన్నారో అట్లాగే చెప్పు."

కయీరా పీట వెనక్కి లాక్కుని, రెల్లు తడికకి వీపు తిప్పి కూర్చున్నాడు. తడికకు అవతల అత్తగారు నబుకెన్యా. పెళ్ళయిన నాటి నుంచీ అతనికి తెలిసింది ఆమె గొంతే, మొహం కాదు. దారిలో ఎదురుపడితే ఆమె పొదల చాటుకు తప్పుకుంటుంది, అతను సైకిలు దిగి తల తిప్పుకుంటాడు. అత్తా అల్లుడూ మొహాలు చూసుకుంటే చేతులు వణికే జబ్బు పట్టుకుంటుందని నతేతే ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

తడిక అడుగు నుంచి చిన్న బుట్ట ఒకటి ఇవతలికి జరిగింది. అందులో వేయించిన కాఫీ గింజలు. ఎంత కోపంలో ఉన్నా, గుమ్మంలోకి వచ్చిన మనిషికి నమలడానికి పెట్టకుండా ఆమె మాట మొదలుపెట్టదు.

"వంశపెద్దలంతా సెవూమే ఇంట్లో కూర్చున్నారు అత్తమ్మా," అన్నాడు కయీరా. "ముందు రాజుగారి రాక గురించే మాట్లాడుకున్నారు. విమానం దిగే చోటు నుంచి కోట దాకా దారి పొడుగునా అరటి తోరణాలు కట్టాలట. మన ఊరి వంతు తోరణాలకి చెట్లు నరికించే పని సెవూమే నెత్తిన వేసుకున్నాడు."

"వాడికి అరటిచెట్లు నరకడం కొత్తా ఏమన్నానా. తర్వాత?"

"తర్వాత నేను మామయ్య సంగతి ఎత్తాను. ఆయన పోయి ఏడాది దాటింది, చావును వెళ్ళగొట్టే తంతు జరిపించాలి, వంశంలోంచి వారసుణ్ణి ఎంచి అతని భుజాన నారబట్ట కట్టాలి, తమరు పెద్దలు ఒక రోజు చెప్పండి అన్నాను."

"దానికేమన్నాడు?"

కయీరా ఒక కాఫీ గింజ నోట్లో వేసుకున్నాడు. చేదు చప్పరించి మింగాడు.

"గడ్డం నిమురుకున్నాడు. 'రాజు కోసం నాలుగు వెంట్రుకలు పెంచలేనివాడికి వారసుడొకడా? వాడి పేరు వాడితోనే పోనీ' అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు."

తడిక అవతల చాకు చప్పుడు ఆగిపోయింది. ఆమె వంటకు అరటికాయల చెక్కు తీస్తోంది. ఇన్నేళ్ళలో కయీరా ఆమె మనసు ఆ చాకు చప్పుడులోనే తెలుసుకోవడం నేర్చుకున్నాడు. నెమ్మదిగా గీస్తే మంచి మాటలు వస్తాయి. గబగబా గీస్తే కూతురి మీద ఫిర్యాదులు. ఆగిపోయిందంటే ఏం వస్తుందో అతనికి ఇంతవరకూ తెలియదు, ఎందుకంటే ఇంతవరకూ ఎప్పుడూ ఆగలేదు.

తంతు జరగకపోతే మామగారు జివాకు వారసుడు లేడు. వారసుడు లేకపోతే ఆ ఇంటి బల్లెం గోడకి ఆనించినది ఆనించినట్టే ఉంటుంది, దాన్ని పట్టుకునే హక్కు ఎవరికీ రాదు. వంశంలో పుట్టే పిల్లలకు ఆయన పేరు పెట్టరు. చచ్చిపోయిన మనిషి వాకిట్లో నిలబడే ఉంటాడు. లోపలికి రారా అనేవాడుండడు, ఇక వెళ్ళు అనేవాడూ ఉండడు. ఏడాదిగా నబుకెన్యా ఆ వాకిలి ఊడవడం లేదని కయీరాకి భార్య నాముతేబీ చెప్పింది. ఊడిస్తే ఆయన కాళ్ళకి తగులుతుందని.

"నీ గడ్డం ఎంత పెరిగింది?" అంది అవతలి గొంతు.

"గుండె దాకా వచ్చింది అత్తమ్మా. మీ అమ్మాయి రోజూ తిడుతోంది. పిచ్చుకలు గూడు పెట్టేలోపు తీసెయ్యమంటుంది."

"తీసేస్తావా?"

"ఎల్లుండి రాజుగారు దిగాక కదా. పనస చెట్టు కింద మంగలి పీట వేస్తున్నాడట. రెండేళ్ళుగా బొగ్గులమ్ముకుని బతికాడు పాపం, వాడి అద్దానికి బూజు పట్టింది. మా స్నేహితులమంతా కలిసి వెళ్ళాలనుకున్నాం."

"ఊఁ," అంది ఆమె. చాకు మళ్ళీ కదిలింది, ఒక్క గీత మాత్రం. "మీ మామ గడ్డం నేను చూశాను అల్లుడా. నువ్వూ చూశావు. అది ఏమైందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. రాజు కాలు ఈ నేల మీద పడేదాకా చెప్పనని ఆయనకి మాటిచ్చాను. ఆ కాలు ఇప్పుడు దారిలో ఉంది. నువ్వు ఎల్లుండి దాకా నోరు కుట్టుకుంటానంటే చెప్తాను. కుట్టుకోలేనంటే ఆ బుట్ట ఇటు తోసి వెళ్ళిపో."

కయీరా బుట్ట తొయ్యలేదు.

*

జివా కోట వాకిలి దగ్గర నిప్పు కాపరి. ఆయన తండ్రీ అదే పని చేశాడు, తాతా అదే. రాజు గద్దెనెక్కిన నాడు వాకిట్లో రాజేసిన నిప్పు, ఆ రాజు ఉన్నంత కాలం మండాలి. ఎండకీ వానకీ మండాలి. రాజు పోతే పోయాడని బుగాండాలో ఎవరూ నోటితో అనరు. నిప్పు ఆరింది అంటారు. అంతే, విన్నవాడు నేల మీద కూలబడతాడు.

"ఊరందరి నిప్పూ ఆయనే చూశాడు గానీ, నా పొయ్యి మాత్రం ఒక్కనాడు ఊదిన పాపాన పోలేదు," అంది నబుకెన్యా. "పొద్దున్నే కళ్ళలో నీళ్ళు కారుతూ నేను ఊదుకుంటూ కూర్చుంటే, పక్కన చాప మీద పడుకుని 'ఇంటికొచ్చినా అదే పనా' అనేవాడు. ఒళ్ళంతా పొగ వాసన. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ, తడిక వెనక నుంచే, 'నీ మొగుడొస్తుంటే చేపలు ఎండబెట్టిన వాసనొస్తుందే' అనేది. ఆయనకి మా అమ్మంటే నువ్వు నాకు భయపడ్డట్టే భయం. నువ్వు భయపడతావు కదా?"

"పడతాను అత్తమ్మా."

"పడాలి."

మిడతల కాలంలో రాజును తీసుకుపోయారు. ఆకాశం నిండా పచ్చ మిడతలు దిగే రోజులు. ఆడవాళ్ళంతా బుట్టలు పట్టుకుని పరిగెత్తి పట్టుకొచ్చి, రెక్కలు తుంచి వేయించుకునే రోజులు. నబుకెన్యా పెనం మీద మిడతలు వేసి ఉండగా వీధిలో ఒకావిడ గుండెలు బాదుకుంటూ వచ్చింది. మిడతలు మాడిపోయాయి. ఇప్పటికీ మాడిన వాసన వస్తే ఆమెకు ఆ రోజే గుర్తొస్తుంది.

"ఆ గవర్నరు దొర ఏం చేశాడో విన్నావుగా. మాట్లాడుకుందాం రమ్మని రాజుని ఇంటికి పిలిచాడు. తను చెప్పినట్టు నడుచుకుంటానని సంతకం పెట్టమన్నాడు. ఈయన పెట్టనన్నాడు. పెట్టకపోతే ఏముంది, ఇంటికొచ్చిన మనిషిని ఇంటికి పంపాలి కదా. పంపలేదు. ఒంటి మీద బట్టలతో లండన్ విమానం ఎక్కించాడు. పెళ్ళాంపిల్లలకి చెప్పిరానిచ్చాడా, లేదు. అతిథికి కాఫీ గింజలు పెట్టాల్సిన చోట పోలీసుల్ని పెట్టాడు. వీళ్ళు మనకి మర్యాద నేర్పుతారట, బళ్ళు పెట్టి మరీ."

చాకు ఇప్పుడు గట్టిగా గీస్తోంది. కాయ చెక్కుతో పాటు కండా పోతున్న చప్పుడు.

"ఆ తర్వాత కబురు పెట్టారు. ఆయన ఇక రాజు కాదు, ఎప్పటికీ తిరిగి రాడు, మీరు ఇంకొకణ్ణి చూసుకోండి అని. చూసుకోవడానికి రాజేమన్నా సంతలో గుమ్మడికాయా? వేలితో కొట్టి చూసి ఏరుకోవడానికి?"

అప్పుడే మొగవాళ్ళు గడ్డం గీసే కత్తులు పక్కన పెట్టేశారు. రాజు తిరిగొచ్చేదాకా గడ్డం గీయకూడదు. ఆడవాళ్ళు రంగు బట్టలు పెట్టెలో పెట్టి, ముతుబా చెట్టు బెరడు సాగగొట్టి చేసిన నారబట్టలు చుట్టుకున్నారు, ఇంట్లో చావు జరిగినట్టు. బస్సులో, సంతలో, చర్చిలో ఎక్కడ చూసినా గడ్డాలే. గడ్డం మొలవని కుర్రవాళ్ళు సిగ్గుతో మొహం దాచుకున్నారు. జివాకు దట్టమైన గడ్డం వచ్చింది. పొగలో ఊరి అది గోధుమ రంగుకు తిరిగింది. దాన్ని చూసుకుని ఆయన మురిసేవాడు. 'రాజు వచ్చాక దీంతో ఒక చీపురు కట్టి నీకిస్తా' అనేవాడు భార్యతో.

రాత్రి తిండి ముందు మాత్రం ఒకటే దిగులు. 'అక్కడ ఆయనకి అరటికాయ ముద్ద ఎవరు వండి పెడతారే? వేరుశనగ పులుసు ఎవరు చేస్తారు? ఆ చలిలో దుంపలు తిని బతుకుతున్నాడట.' నబుకెన్యా విసుక్కునేది. 'ఆయన రాజు, ఆయనకి వండిపెట్టేవాళ్ళు ఉంటారు, నువ్వు తిను.' జివా సగం తిని సగం వదిలేసేవాడు. లండన్లో ఆకలిగా ఉన్న మనిషికి నతేతేలో వాటా ఉంచినట్టు.

ఒకనాడు సర్కారు జీతం తినే పెద్దమనిషి ఒకడు కారు దిగి కోట వాకిలి దగ్గరికి వచ్చాడు. నున్నగా గీసిన గడ్డం. ఆ రోజుల్లో నున్నటి గడ్డమంటే మెడలో బిళ్ళ వేసుకున్నట్టే, ఎవరి మనిషో అడగక్కర్లేదు.

'లేని మనిషికి నిప్పెందుకయ్యా?' అన్నాడు. 'కట్టెలు దండగ. ఆర్పెయ్యి. ఆరిందని మేం కబురు చెప్తాం, నీ తప్పు ఉండదు.'

'తమరు చలి కాచుకోవడానికి వచ్చారేమో అనుకున్నానయ్యా,' అన్నాడు జివా. 'రండి, ఇటు కూర్చోండి. గడ్డం లేనివాళ్ళకి చలెక్కువ.'

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ పెద్దమనిషి నవ్వలేదు. మర్నాటి నుంచి కట్టెల బళ్ళను దారిలో పోలీసులు ఆపడం మొదలుపెట్టారు. అదేమంటే, గుంపులు కూడుతున్నారు అనేవాళ్ళు. కట్టెలు మోసే ఇద్దరు గుంపు ఎట్లా అవుతారో వాళ్ళకే తెలియాలి.

"వాడికి కావలసింది ఆ ఒక్క మాటే అల్లుడా," అంది నబుకెన్యా. "నిప్పు ఆరింది. ఆ మాట ఒక్కసారి జనం నోట పడితే చాలు. రాజు పోయినట్టే లెక్క. ఇక ఎవరు అడుగుతారు తిరిగి పంపమని? వాళ్ళకి నచ్చినవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టి కొత్త నిప్పు రాజేయించేవాళ్ళు. తుపాకీ అక్కర్లేదు. ఒక కడవ నీళ్ళు చాలు."

నీళ్ళు పోసే ధైర్యం వాళ్ళకి లేకపోయింది. ఆ పని వాన చేసింది.

*

పెద్ద వానల కాలం. మధ్యాహ్నం. నబుకెన్యా అరటాకులో కట్టిన అన్నం మూట నెత్తిన పెట్టుకుని కోట దగ్గరికి వెళ్ళింది. సరస్సు వైపు ఆకాశం పెనం అడుగులా నల్లబడింది. ఆమె వాకిలి చేరేసరికి గాలి మొదలైంది. నిప్పు మీద వేసిన గడ్డికప్పు ఒక్క ఊపుకి లేచి, కోడి ఎగిరినట్టు ఎగిరి, కంచె అవతల పడింది. ఆ వెంటనే వాన. జనం చెట్ల కిందికీ చూరుల కిందికీ పరిగెత్తారు. జివాతో ఉండాల్సిన రెండో కాపరి కట్టెలు వెతకడానికి పోయి ఉన్నాడు. వాకిట్లో మిగిలింది జివా ఒక్కడు.

"మంచి రోజుల్లో అయితే ఇంత లావు దుంగలు ఉండేవి. ఎంత వానైనా లోపల కణకణ మండుతూనే ఉండేవి. అప్పుడు ఉన్నవి పచ్చి పుల్లలు. పచ్చి పుల్లల నిప్పు పచ్చి మనిషి లాంటిది, ఒక్క తిట్టుకి చచ్చిపోతుంది. నేను వెళ్ళేసరికి ఆయన దాని మీద బోర్లా పడుకుని ఉన్నాడు."

"నిప్పు మీదా?"

"నిప్పు మీదే. మోకాళ్ళూ మోచేతులూ బురదలో దిగేసి, వీపు వానకి అడ్డం పెట్టి, మొహం కిందికి పెట్టి ఊదుతున్నాడు. నేను అన్నం మూట విప్పేసి ఆకులు ఆయన వీపు మీద పరిచాను. అన్నం బురదలో పోయింది. ఆయన తల ఎత్తకుండా 'పొడిది ఏదైనా' అన్నాడు. ఏముంది పొడిగా? ఆకాశం నుంచి భూమి దాకా నీళ్ళే. నా ఒంటి మీద నారబట్ట ఉంది. పైపొర తడిసింది, లోపలి మడత పొడిగానే ఉంది. చించాను. బెరడు బట్ట కదా, నిప్పు తగిలితే పట్టుకుంటుంది. ముక్క ముక్క చేసి ఆయన గడ్డం కిందికి తోశాను. ఆడది ఆ నిప్పుని ముట్టుకోకూడదు. ముట్టుకోలేదు, తోశాను. అంతే."

కయీరా అప్పుడు అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"అత్తమ్మా. అప్పుడు... పూర్తిగా ఆరిపోయిందా?"

చాకు ఆగింది. గింజలు నమలడం కయీరా కూడా ఆపేశాడు. 

"ఇంకొకసారి ఆ మాట అడిగితే, నా చేతులు వణికినా సరే, ఈ తడిక దాటి వచ్చి నీ చెవి మెలేస్తాను," అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఒక్క కణం ఉంది. కందిగింజంత. నేను నా కళ్ళతో చూశాను. దాన్నే ఆయన ఊదాడు. దానికే నా బట్ట అంటుకుంది. బట్ట భగ్గుమంది, ఆయన గడ్డం భగ్గుమంది. ఆయన తల వెనక్కి తీయలేదు అల్లుడా. మొహం కాలుతుంటే ఊదుతూనే ఉన్నాడు. ఆగితే పోతుంది కదా."

వాన వెలిసింది. రెండో కాపరి తడికట్టెల మోపుతో పరిగెత్తుకొచ్చేసరికి నిప్పు మండుతోంది. జివా తలకి నారబట్ట ముక్క చుట్టుకుని, గాలికి పన్ను నొప్పి వేస్తోందని చెప్పి, భార్యతో ఇంటికి నడిచాడు.

ఇంట్లో ఆ ముక్క విప్పితే గడ్డం ఒకవైపు అసలు లేదు. రెండో వైపు ఎండుగడ్డిలా ముడుచుకుపోయి ఉంది. గడ్డం కింద చర్మం బొబ్బలెక్కింది. నబుకెన్యా నెయ్యి రాసింది. ఆయన గూట్లోంచి కత్తి తియ్యమన్నాడు. ఎందుకన్నది. గీసెయ్యడానికి అన్నాడు.

'నీకేమన్నా మతిపోయిందా?' అని ఆమె కత్తి వెనక దాచుకుంది. 'కాలిన గడ్డం కాలినట్టే ఉండనీ. రాజు నిప్పు కోసం కాల్చుకున్నాడని ఊరంతా నీ కాళ్ళకి మొక్కుతుంది.'

'మొక్కుతుంది. మొక్కి, నిప్పుకి మొహం ఎందుకు పెట్టాడూ అని అడుగుతుంది. మండే నిప్పుని ఎవడన్నా మొహం ఆనించి ఊదుతాడా? సాయంత్రానికల్లా ఏమంటారు? నిప్పు ఆరితే మళ్ళీ రాజేశారట అంటారు. ఆ కారువాడు దానికోసమే కాచుకుని కూర్చున్నాడు. గడ్డం గీసుకుంటే నన్ను తిడతారు. కాలిన గడ్డం చూస్తే రాజు పోయాడంటారు. ఏది నయం, నువ్వే చెప్పు.'

ఆమె వెనక దాచిన చెయ్యి ముందుకు చాపింది. కత్తి ఇచ్చింది.

"నేనే గీశాను," అంది ఇప్పుడు, తడిక అవతల నుంచి. "బొబ్బల మీద. ఒక్క మూలుగు మూలిగాడా. 'ఇంతోటిదానికి మంగలికి డబ్బులెందుకిచ్చాను ఇన్నేళ్ళూ' అన్నాడు."

గడ్డం కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడని సామెత. మర్నాడు పొద్దున్నే సెవూమే సరిగ్గా అట్లాగే వచ్చాడు, పొగాకు గొట్టం నోట్లో పెట్టుకుని, పొయ్యిలో నిప్పు అడగడానికి. పొరుగువాడు, ఒకే వంశం వాడు, చిన్నప్పుడు జివాతో కలిసి తోటల్లోంచి కోతుల్ని తోలినవాడు. గుమ్మంలో కూర్చున్న జివా మొహం చూశాడు. తర్వాత తాడు మీద ఆరేసిన నారబట్ట చూశాడు, అంచు చిరిగిపోయి ఉంది. గొట్టం నోట్లోంచి తీశాడు.

'ఎంతిచ్చారురా నీకు?' అన్నాడు.

సెవూమే గుమ్మంలోకి ఇంకో అడుగు వేశాడు.

'మొగుడు గీయించుకున్నాడు, పెళ్ళాం నారబట్ట చించేసింది. రేపు రంగు బట్టలు కడుతుంది కాబోలు. ఆ కత్తికి కూడా నువ్వంటే అసహ్యమేరా, మొహమంతా గాట్లు పెట్టింది.'

జివా నేల వైపు చూస్తూ, 'నిప్పు కావాలంటే తీసుకెళ్ళు,' అన్నాడు.

సెవూమే నిప్పు తీసుకోలేదు. మధ్యాహ్నానికి పంగాలు, చెట్లు నరికే పొడుగాటి కత్తులు, పట్టుకున్న మొగవాళ్ళతో తిరిగొచ్చాడు. పట్టపగలు, పాటలు పాడుకుంటూ వచ్చారు. అందరికీ గడ్డాలున్నాయి. అరటితోటలో ఈ మూల నుంచి ఆ మూలకి నరుక్కుంటూ పోయారు. జివా తాత నాటిన పిలకల పిలకలు అవి. గెలలు వేసినవి, ఇంకా పువ్వు విచ్చనివి, అన్నీ. నరికిన చెట్లు నీళ్ళు కారుస్తూ పడ్డాయి. నబుకెన్యా తోటలోకి పరిగెత్తబోతే జివా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు ముద్ర చాలా రోజులు ఉంది.

"నా నోట్లో మాట ఉంది అల్లుడా. ఒక్క మాట. చెప్తే కత్తులు అక్కడే కింద పడేసేవాళ్ళు. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు, చెప్పకు చెప్పకు అని. దొర మన రాజుని తీసుకుపోతే నాకు కోపం రాలేదా? వచ్చింది. కానీ వాడు పరాయివాడు. పాము కాటేస్తే పాముని తిడతాం, అంతే. వీళ్ళు నా పెళ్ళిలో అన్నం తిన్నవాళ్ళు. నా పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు. రాజు మీద ప్రేమతో నరికారట. రాజు నిప్పుని కాపాడినవాడి తోట, రాజు మీద ప్రేమతో."

కోట దగ్గర మిగతా కాపరులు జివాను నిప్పు దగ్గరికి రానివ్వలేదు. ఆ చెయ్యి తగలకూడదన్నారు. ఆయన ఇంటి దగ్గర కూర్చోలేకపోయాడు. పొద్దున్నే కొండ వెనక్కి వెళ్ళి ఎండుకట్టెలు ఏరి, మోపు కట్టి, కోటకి కొంచెం దూరంలో దారి పక్కన పెట్టి వచ్చేవాడు. ఎవరు పెట్టారో తెలియనట్టు కాపరులు తీసుకునేవాళ్ళు. తెలిసే తీసుకునేవాళ్ళు. గడ్డం మళ్ళీ మొలవలేదు. బొబ్బలు మానిన చోట చర్మం నున్నగా మెరుస్తూ ఉండిపోయింది. రోజూ గీసుకుంటున్నాడని అనుకున్నారు జనం. ఇంకా సిగ్గులేకుండా గీసుకుంటున్నాడని.

ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. సంతలో నబుకెన్యా కూరలు ఎవరూ కొనలేదు. ఆ రోజుల్లోనే స్నేహితులు కయీరాకి కూడా చెప్పారు, ద్రోహి కూతుర్ని పుట్టింటికి పంపెయ్యమని. అతను పంపలేదు. ఎందుకు పంపలేదంటే పెద్ద కారణమేమీ లేదు. నాముతేబీ లేకపోతే ఇల్లు బావుండదు, అంతే. కానీ మామగారి ఇంటికి రావడం తగ్గించాడు. దారిలో ఆ మోపు పక్కన కూర్చున్న ముసలివాణ్ణి ఒకసారి చూసి, సైకిలు దిగకుండా నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు కాఫీ గింజ పళ్ళ మధ్య చేదుగా ఉండిపోయింది.

ఎండాకాలంలో జివాకి దగ్గు పట్టుకుంది. చివరి రోజు కూడా అడిగింది ఒకటే. 'మండుతోందా?' మండుతోందని ఆమె చెప్పింది. 'రాజు కాలు నేల మీద పడేదాకా' అన్నాడు. నరికిన తోటలో మొద్దుల మధ్య పూడ్చారు. పరామర్శకి బీరు కుండ పట్టుకుని ఎవరూ రాలేదు. గొయ్యి తవ్వింది కయీరా, అతనితో పాటు దారిన పోయేవాడొకడు.

*

ఎండ వాలుతోంది. లోపల అరటికాయలు ఆకుల్లో చుట్టిపెట్టి, కుండ పొయ్యి మీదకెక్కించిన చప్పుడు వినబడింది. తర్వాత ఊదుతున్న చప్పుడు. చాలాసేపు ఊదింది.

"నేను ఇప్పుడే వెళ్ళి సెవూమేకి చెప్తాను," అన్నాడు కయీరా.  "వాడి ఇంటి ముందు నిలబడి చెప్తాను."

"కూర్చో. ఎల్లుండి దాకా అన్నానా లేదా. రాజు ఇంకా గాల్లో ఉన్నాడు, నేల మీద లేడు. ఇన్నాళ్ళు కుట్టుకున్న నోరు రెండు రోజుల ముందు విప్పితే ఆయన దేనికి చచ్చినట్టు? పైగా ఇప్పుడు చెప్తే ఎవడు నమ్ముతాడు? మామ కోసం అల్లుడు కథ కట్టాడంటారు. ముసలిదాని మాటంటారు. మనం వెళ్ళి చెప్తే వాళ్ళు వినరు అల్లుడా. వాళ్ళే వచ్చి అడగాలి."

"వాళ్ళెందుకు అడుగుతారు అత్తమ్మా?"

"అడిగేట్టు చెయ్యి. ఎల్లుండి రాజు దిగుతాడు. తోరణాలు, డప్పులు, అన్నీ. సాయంత్రానికి మంగలి చేతులు వాచిపోతాయి. ఊళ్ళో గడ్డమున్న మొగవాడు ఒక్కడుండడు. నువ్వు గీయించుకోకు."

కయీరా చెయ్యి తెలియకుండానే గడ్డం మీదికి వెళ్ళింది.

"రాజొచ్చాక గడ్డముంటే... రాజు రాకకి ఏడుస్తున్నాడంటారు. నన్నూ ద్రోహి అంటారు."

"అంటారు. మీ మామనన్నారు, ఇప్పుడు నిన్ను. భయమేస్తోందా? నీకూ కాఫీ మొక్కలున్నాయి, అరటితోట ఉంది. ఆలోచించుకో. నేను బలవంతం పెట్టను. నువ్వు నా కొడుకువి కాదు, నా మొహం కూడా చూడనివాడివి."

వీధిలో ఎవరో డప్పు సరిచేసుకుంటున్నారు. నాలుగు దెబ్బలు కొట్టి ఆపుతున్నారు, మళ్ళీ కొడుతున్నారు. కయీరా ఆ దారి పక్కన కట్టెల మోపును తలుచుకున్నాడు. ఆ రోజు తను దిగని సైకిల్ని తలుచుకున్నాడు.

"ఎవరు అడిగితే చెప్పమంటారు?" అన్నాడు.

తడిక అవతల ఆమె ముక్కు చీదుకుంది. పొగకే కాబోలు.

"చిన్నాచితకా వాళ్ళు అడిగితే నవ్వి ఊరుకో. సెవూమే అడిగేదాకా ఆగు. అడుగుతాడు, వాడు అడక్కుండా ఉండలేడు. నలుగురిలో, నున్నటి గడ్డం తడుముకుంటూ, 'రాజొచ్చినా నీకేం దుఃఖం రా' అంటాడు. అప్పుడు చెప్పు. మొదటి నుంచి చెప్పు, కందిగింజంత కణం దగ్గర తొందరపడకు. విని ఏడిస్తే ఏడవనీ, ఓదార్చకు. వాడి తోటలోంచి వాడి చేత్తో ఒక పిలక తెచ్చి నా మొద్దుల మధ్య నాటమను. తర్వాత తంతుకి రోజు పెట్టమను. వారసుడి భుజాన నారబట్ట కట్టిన రోజు నువ్వు వెళ్ళి గీయించుకో, ఆ గడ్డం తెచ్చి మీ మామ దగ్గర పాతిపెట్టు. అందరికీ గీయించుకోవడానికి గడ్డం ఉంది, ఆయనకే లేదు. ఇక లే. నాముతేబీకి చెప్పు, రోజూ దానికి నెయ్యి రాసి దువ్వమని. చిక్కులు పడకుండా చూడమను. దూరం నుంచే కనబడాలి."